ఉక్కు పందెము



మన తాతల కాలమున దూరమును ఆమడలతో లెక్కించెడివారు. ఆమడ యనగా నాలుగు క్రోసులు. సుమారు ఎనిమిది మైళ్లు. ఆ లెక్కనే గైకొని తమ్ము నొక ప్రశ్న యడుగుదును. ఒక మనిషి సూర్యోదయ వేళ సముద్రమున దిగి క్రోసుకు మించిన దూరము ఈది, ఒడ్డు చేరి, ఒడలి తడి యారకమునుపే సైకిలెక్కి పదునాలుగు ఆమడలు త్రొక్కి, దిగిన వెంటనే మూడు ఆమడలకు పైగా పరుగెత్తి, నడుమ నిద్ర లేక, విశ్రాంతి లేక, ఒక్క దినములో ఇదంతయు ముగింపవలెనన్నచో అది మానవమాత్రులకు సాధ్యమగునా?

సాధ్యమే. ఏటేట లోకమున వేలకొలది జనులు దీనిని చేయుచున్నారు. అట్టి పందెమున పదమూడు మారులు దిగి, పదమూడు మారులును గెలిచిన యొక స్త్రీని గూర్చి నేడు తమకు మనవి చేయదలచితిని. ఆమె ఇంగ్లండు దేశస్థురాలు. పేరు క్రిస్సీ వెల్లింగ్టన్.

ముందుగా పందెమును గూర్చి రెండు మాటలు. దీనికి ట్రయథ్లాన్ అని పేరు. ఈ మాటకు మూలము గ్రీకు భాష. ఆ భాషలోని 'త్రి'యు మన 'త్రి'యు ఒక్కటియే. మూడు పోటీల కూడిక యని యర్థము. ఈత, సైకిలు, పరుగు అను మూడును వరుసగా జరుగును. ఇందలి దీర్ఘపందెములలో ప్రసిద్ధమైన దానిని ఐరన్‌మ్యాన్, అనగా ఉక్కుమనిషి పందెమందురు. ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180 కిలోమీటర్లు, పరుగు 42.2 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి వరంగల్లు దాక సైకిలు త్రొక్కినను ఆ రెండవ భాగము పూర్తి కాదని తలచినచో, దాని పరిమాణము మనకు బోధపడును.

ఈ పందెము ఒక వాదమునుండి పుట్టినది. పసిఫిక్ మహాసముద్రము నడుమనున్న హవాయి దీవులలో ఈతగాండ్రు, పరుగువీరులు, సైకిలు పందెగాండ్రు కూడినప్పుడు, వీరిలో అందరికంటె గట్టి దేహము ఎవరిదను చర్చ వచ్చినది. అమెరికా నౌకాదళములో అధికారియైన జాన్ కాలిన్స్ అనునాతడు, ఆయన భార్య జూడీయు, ఆ దీవిలో వేరువేరుగా జరుగుచున్న మూడు పందెములను ఒక్క దినమున కలిపివేసిరి. మొదట గెలిచినవానిని ఉక్కుమనిషి యని పిలుతమని నిర్ణయించిరి. 1978 ఫిబ్రవరి 18వ తేదీన పదునైదుగురు బయలుదేరగా పన్నెండుగురు గమ్యము చేరిరి. గార్డన్ హాలర్ అనునాతడు పండ్రెండు గంటలకు కొంచెము తక్కువ కాలములో ముగించి మొదటివాడయ్యెను. మరుసటి యేడు లిన్ లెమేర్ అను స్త్రీ పాల్గొని, పురుషులతో కలిపి లెక్కించినను ఐదవ స్థానము పొందెను. 1981లో ఈ పందెము అదే దీవులలో కోనా యను చోటికి మారినది. అచ్చట నిప్పుకొండనుండి పారి గడ్డకట్టిన నల్లరాతి నేలల నడుమ బాట, చెట్టునీడ యుండదు, ఎండయు, ఎదురుగాలియు దండిగా నుండును.

మన కథానాయిక ఆ పందెము పుట్టుటకు సరిగా ఒక సంవత్సరము ముందు, 1977 ఫిబ్రవరి 18వ తేదీన జన్మించెను. చిన్ననాట ఈత నేర్చినదే గాని, దేశమెన్నదగిన ఈతగత్తె కాదు. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున భూగోళశాస్త్రము చదివి 1998లో మొదటి తరగతిలో పట్టభద్రురాలయ్యెను. విద్యార్థి దశలో తిండి మాని కృశించిన కాలమును గూర్చి తన ఆత్మకథలో దాపరికము లేక వ్రాసికొన్నది. తరువాత మాంచెస్టరులో అభివృద్ధి శాస్త్రము చదివి, తమ దేశ ప్రభుత్వమున పర్యావరణ వ్యవసాయ శాఖలో ఉద్యోగము సంపాదించెను. 2002లో లండను నగరమున జరిగిన 42 కిలోమీటర్ల పరుగులో పాల్గొని, మూడు గంటలకు కొంచెము పైగా కాలములో ముగించినప్పుడు, తనలో నేదో బలమున్నదని ఆమెకు మొదటిసారి తోచినది.

2004లో ఆ ఉద్యోగమును విడిచి నేపాలు దేశమునకు వెళ్లెను. అచ్చట 'రూరల్ రికన్‌స్ట్రక్షన్ నేపాల్' అను సంస్థలో చేరి, పల్లెలకు మంచినీరు, పారిశుద్ధ్యము సమకూర్చు పని చేసెను. నీటి కొఱకు కడవ నెత్తిన బెట్టుకొని కొండలెక్కు స్త్రీలను ఆమె దినదినము చూచినది. తెల్లవారక ముందే లేచి, స్నేహితులతో సైకిలు త్రొక్కుచు ఖాట్మండు చుట్టునున్న కొండ దారులెక్కుట ఆమెకు వినోదము. సెలవు దినములలో టిబెట్టు రాజధానియైన లాసానుండి ఖాట్మండు దాక, ఐదువేల మీటర్లకు మించిన కనుమలు దాటి సైకిలుపై వచ్చెను. గాలి పలుచనైన ఆ యెత్తున, మంచులో, ఇసుక తుపానులలో చేసిన ఆ యాత్ర యే ఆమెకు నిజమైన పాఠశాల యని నా తలంపు. పందెమను మాట మనస్సున లేకయే ఆమె గుండెయు, ఊపిరితిత్తులును, అంతకుమించి మనస్సును గట్టిపడినవి.

ఇంగ్లండునకు తిరిగివచ్చి 2006లో స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున, వృత్తిగా గాక వేడుకకు పోటీ చేయువారి ప్రపంచ పందెమున తన వయోవర్గమున గెలిచెను. 2007లో ఉద్యోగము పూర్తిగా మాని, బ్రెట్ సట్టన్ అను శిక్షకుని యొద్ద చేరెను. అప్పటి కామెకు ముప్పది యేండ్లు. మన యూళ్లలో ఆ వయస్సు వచ్చినవారిని 'ఇక నేమి నేర్తురు' అందుము. ఆ యేడు ఆగస్టు మాసమున కొరియాలో తన మొదటి ఉక్కు పందెము గెలిచి, అక్టోబరులో హవాయికి వెళ్లి ప్రపంచ విజేత యయ్యెను. ఆమె పేరే యెరుగని పత్రికలవారు ముందు సాగిపోవుచున్న యీమె ఎవరని ఒకరినొకరు అడిగికొనిరి. పట్టిన కాలము 9 గంటల 8 నిమిషముల 45 సెకండ్లు.

ఇంతసేపు దేహము ఎట్లు నిలుచునని తమకు సందేహము కలుగవచ్చును. మన కండరములలోను, కాలేయములోను నిలువయుండు పిండిపదార్థపు శక్తి సుమారు రెండువేల కెలోరీలు మాత్రమే. ఈ పందెమునకు దానికి మూడు నాలుగింతలు కావలెను. కావున పందెగాండ్రు సైకిలు త్రొక్కుచునే, పరుగెత్తుచునే, గంట గంటకు కొంచెము కొంచెముగా తీపి పానీయములు, పండ్లు తీసికొందురు. మిగిలిన శక్తి ఒంటిలోని క్రొవ్వునుండి రావలెను. నెలల తరబడి అభ్యసించినవారి కండరములు క్రొవ్వును ఎక్కువగా మండించుట నేర్చును. గుండె ఒక్కొక్క కొట్టుకు ఎక్కువ రక్తమును పంపును. చెమట ఆరుటచే దేహము చల్లబడును గాని, ఆ చెమటతో ఉప్పుకూడ పోవును. ఉప్పు చేరని వట్టినీరు మితిమీరి త్రాగినచో రక్తములో ఉప్పు పలుచనై, మెదడు వాచి, ప్రాణమునకే ముప్పు రావచ్చును. వేసవి పొలములో పనిచేయువారికి ఉప్పు వేసిన అంబలి యిచ్చెడి మన యిల్లాండ్రు ఈ శాస్త్రమును చదువకయే యెరిగియున్నారు.

అయినను, నేనీ స్త్రీని మెచ్చుకొనుట ఆమె వేగమును చూచి మాత్రమే కాదు. మూడు సంగతులు చెప్పెదను.

మొదటిది 2008 నాటిది. హవాయి పందెమున సైకిలు చక్రమునుండి గాలి పోయినది. ఆమె వద్దనున్న గాలి నింపు గొట్టములు పనికి రాలేదు. దారిప్రక్కన నిలిచి, వెనుక వచ్చువారు తన్ను దాటిపోవుచుండగా చూడవలసి వచ్చినది. అప్పుడు రెబెకా కీట్ అను ఆస్ట్రేలియా దేశపు పోటీదారు తన వద్దనున్న గొట్టమును ఆమెకు విసరి పోయినది. పోటీలో నున్నవారే చేయి యందించిరి. పది నిమిషములకు దగ్గరగా కోల్పోయినను, ఆ దినము క్రిస్సీయే గెలిచెను. రెండవ ఆమెకంటె పదునాలుగు నిమిషములకు పైగా ముందు గమ్యము చేరెను.

రెండవది 2010 నాటిది. అప్పటికి మూడు సంవత్సరములు వరుసగా ప్రపంచ విజేత. 2009లో 8 గంటల 54 నిమిషముల 2 సెకండ్లలో ముగించి, పౌలా న్యూబీ ఫ్రేజర్ 1992లో నెలకొల్పిన హద్దును దాటినది. 2010 పందెపు దినము ఉదయమున జ్వరపడి, తాను దిగనని తెలిపెను. పరువు కొఱకు ప్రాణము మీదికి తెచ్చుకొనలేదు. ఆగవలసినప్పుడు ఆగుటయు పరాక్రమములోని భాగమే.

మూడవది 2011 నాటిది. ఆ జూలైలో జర్మనీలోని రోత్ పట్టణమున 8 గంటల 18 నిమిషముల 13 సెకండ్లలో పందెము ముగించి, స్త్రీలలో అంతవరకు ఎవ్వరును చేరని వేగము చూపెను. కాని హవాయి పందెమునకు రెండు వారములు ముందు సైకిలుపైనుండి పడెను. తొడ చర్మము లేచిపోయి, రొమ్ము కండరము చిట్లినది. ఆ గాయములతోనే నీట దిగెను. ఈతలో వెనుకబడి, సైకిలు భాగము ముగియునప్పటికి ముందున్నవారికి ఇరువది నిమిషములకు పైగా వెనుకనుండెను. పరుగులో ఒక్కొక్కరిని దాటి 8 గంటల 55 నిమిషముల 8 సెకండ్లలో నాలుగవసారి గెలిచెను. తన జీవితమున అన్నిటికంటె గొప్ప పందెము అదియే యని ఆమె యెంచినది. మరుసటి యేడు, 2012లో, వృత్తి విరమించెను.

ఇంకొక్క మాట. ఈ పందెమునకు పదునేడు గంటల గడువు. క్రిస్సీ తాను గెలిచిన నాటి రాత్రి, అర్ధరాత్రి దాక గమ్యరేఖ వద్ద నిలిచి, కడపట వచ్చువారికి స్వయముగా స్వాగతము పలికెడిది. మొదటివారు కడపటివారిని ఎదుర్కొనుట మన సంప్రదాయమునకు నచ్చు గుణము.

రోత్‌లో ఆమె నిలిపిన హద్దును 2023లో అదే చోట స్విట్జర్లాండుకు చెందిన డానియెలా రీఫ్ దాటినది. హద్దులు దాటుట కొఱకే యున్నవి. క్రిస్సీ మాత్రము ఫ్రాన్సు దేశపు సుప్రసిద్ధ సైకిలు పందెమున స్త్రీలకును చోటు కావలెనని 2013లో మరి ముగ్గురితో కలిసి ఉద్యమించెను. 2022 నుండి స్త్రీలకు ఆ దేశమున బహుదినముల పందెము జరుగుచున్నది. రుసుము లేకుండ ఊరివారందరును వారమున కొకసారి ఐదు కిలోమీటర్లు నడచు, పరుగెత్తు 'పార్క్‌రన్' అను సంస్థలో చేరి, సామాన్యుల ఆరోగ్యమునకు పాటుపడెను.

ఇది దూరదేశపు కథ యని తాము తోసివేయరాదు. మన తెలుగునాట గోలి శ్యామల అను స్త్రీ నలుబది యేండ్లు దాటిన పిమ్మట ఈత నేర్చి, 2021 మార్చిలో శ్రీలంకకును ధనుష్కోటికిని నడుమనున్న పాక్ జలసంధిని, 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషములలో ఈదెను.

ఇప్పుడు నా తప్పు నొకటి చెప్పుకొనవలసియున్నది. ముప్పది యేండ్ల క్రిందట నా తరగతిలో నొక బాలిక యుండెడిది. మగపిల్లలెవ్వరును ఆమెను పరుగులో అందుకొనలేరు. జిల్లా పోటీలకు పంపవచ్చునా యని తండ్రి వచ్చి నన్నడిగెను. 'ఆడపిల్లకు పరుగెందుకయ్యా? నాలుగక్షరములు వచ్చిన చాలును' అంటిని. ఆయన నా మాటను వేదవాక్యముగా గైకొని ఊరకుండెను. ఆ పిల్లయు మారు పలుకలేదు. అదే నన్ను నేడు బాధించుచున్నది.

గత వేసవిలో ఆమెయే ధూళిమిట్టలో మా యింటి యరుగు మీదికి వచ్చినది. వెంట పండ్రెండేండ్ల కూతురు. 'సారూ, దీన్ని క్రీడా పాఠశాల ఎంపికకు తీసుకుపోదామనుకుంటున్న. మీరేమంటరు?' అని యడిగెను. తన సంగతి యెత్తలేదు. నేను తలవంచుకొని, 'అమ్మా, తీసుకొని పో. నాడు నీ తండ్రికి నేను చెప్పినది తప్పు' అంటిని. ఆమె కన్నులు చెమర్చినవి. నవ్వి, బిడ్డచేత నాకు నమస్కారము చేయించినది. ఆ బిడ్డ ఎంపికయగునో లేదో దైవమెరుగును. అడ్డు మాత్రము తొలగినది.

పెద్దలారా! సముద్రతీరమున హనుమంతుడు తన బలము తానెరుగక యొకమూల కూర్చుండియుండగా, ఆ బలమును గుర్తు చేసినవాడు వృద్ధుడైన జాంబవంతుడు. ఆయన తాను సముద్రము దాటలేదు, దాటగలవానిని లేపెను. మన వయస్సునకు తగిన పని అదియే. పిల్లలను ఒంటరిగా చెరువులోనికి పంపవలదు. ఈత వచ్చిన పెద్దవారిని తోడుంచి నేర్పింపుడు. సైకిలు త్రొక్కు బాలికను చూచి నవ్వవలదు. తెల్లవారుజామున బాటపై పరుగెత్తు బిడ్డ కనబడినప్పుడు, ఎచ్చటికని నిలదీయక, దారి విడిచి ఒక మంచిమాట పలుకుడు.

సెలవు.