ట్రాక్టరుకు గాలి కంప్రెసరు ఎక్కడ బిగించాలి?



రేగడి నేలలో పనిచేసే ట్రాక్టరు టైర్లకు గాలి లెక్క ఒకటి కాదు, రెండు. చేలో ఒక లెక్క, రోడ్డు మీద మరొక లెక్క. చేలో దిగినప్పుడు వెనక టైర్లలో గాలి కొంచెం తక్కువగా వుంటే టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుంది. పట్టు దొరుకుతుంది, నేల అంతగా అణగదు. అదే ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి, మిరప టిక్కీలు వేసుకొని గుంటూరు యార్డుకు బయలుదేరారనుకోండి, ఆ తక్కువ గాలి పనికిరాదు. టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి. బరువు లాగేటప్పుడు రిమ్ము మీద టైరు జారి, దానితోపాటు ట్యూబూ జరిగి, వాల్వు మొదలంటా తెగిపోవచ్చు.

మామూలుగా 45 గుర్రాల శక్తి ట్రాక్టర్లకు 13.6-28 సైజు వెనక టైర్లు వుండటం కద్దు. వాటికి చేలో 12 నుంచి 14 పౌండ్ల గాలి, రోడ్డు మీద బరువు పడ్డప్పుడు ఇంకొక ఆరేడు పౌండ్లు అవసరమవుతుంది. మీ బండికి సరిపోయే అంకె ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలోనూ, టైరు కంపెనీవారి పట్టికలోనూ వుంటుంది, దానినే పాటించండి.

ఇది తెలియని రైతు లేడు. అయినా చేసేవారు తక్కువ. ఎందుచేతనంటారా? పంక్చరు షాపు ఊళ్ళోనో, మెయిన్ రోడ్డు మీదనో వుంటుంది. చేను నాలుగు మైళ్ళ అవతల వుంటుంది. గాలి తీసెయ్యటం చిటికెలో పని. తిరిగి పెట్టటమెట్లా? అందుకని ఏడాది పొడుగునా రోడ్డు గాలితోనే చేనంతా తొక్కుతాము. సత్తెనపల్లి, నరసరావుపేట మొదలు మార్టూరు, అద్దంకి దాకా వున్న నల్లరేగడి సంగతి మీకు నేను చెప్పాలా? తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విడుస్తుంది. తడి పూర్తిగా ఆరకుండా గట్టి టైరుతో తొక్కితే దున్నే లోతుకు దిగువన గట్టి పొర ఏర్పడుతుంది. పత్తి తల్లివేరు ఆ పొర దగ్గర వంకర తిరుగుతుంది. మిరప చేలో వానకు నీరు దిగక నిలిచి మొక్క వడలుతుంది. గాలి తగ్గించినంత మాత్రాన ట్రాక్టరు బరువు తగ్గదు సుమండీ! లోతు పొర సంగతి ఇరుసు మీది బరువును బట్టి కూడా వుంటుంది. కాని పైనుంచి జానెడు లోతు నేలను కాపాడటం మాత్రం మన చేతిలో పని.

అందుకని ట్రాక్టరు మీదనే చిన్న గాలి కంప్రెసరు పెట్టుకోవాలని చాలామంది అనుకొంటున్నారు. మంచి ఆలోచనే. రాతి నేలల్లో బావులు తవ్వటానికి వెనక పి.టి.ఓ. షాఫ్టుకు తగిలించే పెద్ద కంప్రెసరు వేరు, దాని సంగతి ఇక్కడ కాదు. ఇక్కడ చెప్పేది బ్యాటరీతో తిరిగేది గాని, ఇంజను బెల్టుతో తిరిగేది గాని, టైర్లకు గాలి కొట్టే చిన్న యంత్రం. ఏ కంపెనీది కొనాలన్నది అందరూ అడుగుతారు. ఎక్కడ బిగించాలన్నది ఎవరూ అడగరు. ఎంత మంచి కంప్రెసరైనా చోటు చెడితే రెండు పంటలు కూడా రాదు.

చోటు చూసేటప్పుడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇది: ఈ యంత్రం పీల్చుకొనే గాలి ఎటువంటిది?

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు పట్టుకొన్నవారికి ఇది అనుభవమే. 35 డిగ్రీల గాలిని మధ్యలో చల్లారనివ్వకుండా 100 పౌండ్ల దాకా నొక్కితే, లెక్క ప్రకారం అది 270 డిగ్రీలు దాటుతుంది. యంత్రం ఒంటి మీదుగా వేడి కొంత పోతూ వుంటుంది గనుక అసలులో అంత రాదు. అయినా, పీల్చేటప్పుడే వేడిగా వున్న గాలిని ఇస్తే ఆ యంత్రం గతి ఏమవుతుంది? పైగా వేడి గాలి పలచన. బానెట్టు కింద 80 డిగ్రీల గాలి పీల్చే కంప్రెసరు, బయట 40 డిగ్రీల గాలి పీల్చేదానికన్నా నూటికి పదకొండు పాళ్ళు తక్కువ గాలి ఇస్తుంది. పని ఎక్కువ, ఫలితం తక్కువ!

ఇక దుమ్ము. గుంటక తోలినా, రోటావేటరు తిప్పినా రేగడి పొడి చక్రాల వెంట లేచి బండి నడుము దాకా ముసురుకుంటుంది. పత్తి చేలో నూగు, మిరప కల్లంలో ఎండు తొడిమల పొడి దీనికి తోడు. ఆ పొడి నూనెతో కలిస్తే సానరాయే. పిస్టను రింగులు అరిగిపోతాయి. ఎత్తు పెరిగినకొద్దీ దుమ్ము పలచబడుతుంది. అందుచేతనే చాలా ట్రాక్టర్లలో ఇంజను పీల్చే గాలికి గొట్టం పైకెత్తి పెడతారు. మన కంప్రెసరుకూ అదే మార్గం: యంత్రం ఎక్కడ వున్నా సరే, దాని ముక్కు మాత్రం పైన వుండాలి. చిన్న ఫిల్టరు పెట్టి, రబ్బరు గొట్టంతో పైకి తెచ్చుకోండి. కొందరు మెకానిక్కులు ఇంజను ఫిల్టరు తరువాతి గొట్టానికే రంధ్రం చేసి అక్కడినుంచి గాలి తీసుకొంటారు. శుభ్రమైన గాలే వస్తుంది, నిజమే. కాని ఆ అతుకు ఒకనాడు వదులైతే ఇంజనే దుమ్ము తింటుంది. వందల రూపాయలు మిగిల్చి వేల రూపాయలు పోగొట్టుకోవటం ఎందుకు? వేరే ఫిల్టరే మేలు.

బండి మీద చోట్లు ఒక్కొక్కటి చూద్దాము. రేడియేటరు ముందు చల్లగానే వుంటుంది, కాని అక్కడ ఏది అడ్డం పెట్టినా ఇంజనుకు గాలి తగ్గుతుంది. పత్తి ఆకు, నూగు చేరి అసలే రేడియేటరు మూసుకుపోయే ప్రాంతం మనది. రేడియేటరు వెనక అయితే ఫ్యాను విసిరే వేడి గాలి అంతా దాని ముఖానే. సీటు కింద, పనిముట్ల పెట్టెలో పెడితే కంటికి కనపడదు, ఎవరూ ఎత్తుకుపోరు. గాలి ఆడక లోపలే వేగిపోతుంది. అడుగుపలక కింద బురద, నీళ్ళు. మడ్‌గార్డు మీద పెట్టే అలవాటు ఎక్కువ, చేతికి అందుతుందని. అది పలచని రేకు. ఇంజను అదురుకు బోల్టు రంధ్రాల దగ్గర చీలుతుంది. దాని మీద మనిషిని కూర్చోబెట్టటం ఎటూ ప్రమాదమే, అయినా కూర్చొంటారు. కాలే యంత్రం పక్కన కూర్చోబెట్టటం ఇంకా అన్యాయం.

నాకు తోచిన మంచి చోటు ఇంజను పక్కన, పొగగొట్టానికి ఎదురు వైపున, బానెట్టుకు బయట. అక్కడ ఇంజను దిమ్మకు గాని, ముందరి ఇరుసును మోసే పోత ఇనుప దిమ్మకు గాని కంపెనీవారు వదిలిన బోల్టు రంధ్రాలుంటే వాటికే మందపాటి పట్టీ వేసి బిగించండి. కొత్తగా రంధ్రాలు వెయ్యవద్దు, వెల్డింగు అసలే వద్దు. బెల్టుతో తిరిగేదైతే రెండు పుల్లీలు ఒకే వరసలో వుండాలి. బెల్టు మీద గార్డు వుండి తీరాలి. పంచె, తువ్వాలు అందులో పడితే మనిషి దక్కటం కష్టం. జీపు వున్నవారికి ఒక మాట: జీపులో ఇంజను రబ్బరు దిళ్ళ మీద కూర్చొని వూగుతూ వుంటుంది. బెల్టు కంప్రెసరును ఇంజనుకే బిగించాలి. ఇంజను ఒకచోట, కంప్రెసరు ఛాసిస్‌కు ఒకచోట అయితే బెల్టు నిలవదు.

బోల్టులు బిగించే ముందు రెండు పరీక్షలు చేయండి. స్టీరింగు పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. తరువాత ముందరి చక్రం ఒకదానిని గట్టు మీదికి ఎక్కించి, ఇరుసు వూగినప్పుడు చక్రం, కడ్డీలు ఏవీ కంప్రెసరుకు తగలకుండా వున్నవా చూడండి. చదును నేల మీద సరిపోయింది గట్టు దాటేటప్పుడు సరిపోదు. రెండవది ఖర్చు లేని పరీక్ష. మీరు అనుకొన్న మూడు నాలుగు చోట్ల తెల్లని గుడ్డ పీలికలు కట్టి, ఒక పూట గుంటక తోలండి. సాయంత్రం విప్పి పక్కపక్కన పెట్టండి. ఏది తక్కువ మాసిందో కంప్రెసరు ముక్కు అక్కడికి తీసుకురండి. విస్తరణ సిబ్బంది గ్రామంలో పదిమంది ఎదుట ఈ గుడ్డలు విప్పి చూపితే ఉపన్యాసం అవసరం వుండదు.

బ్యాటరీ యంత్రమైతే తీగ మందంగా, పొట్టిగా వుండాలి. ఈ యంత్రాలు 20, 30 ఆంపియర్లు కూడా లాగుతాయి. లైటుకు వాడే సన్నని తీగ కాలిపోతుంది. ఫ్యూజు బ్యాటరీ దగ్గరే పెట్టండి, ఇంజను నడుస్తూ వుండగానే గాలి కొట్టండి.

గాలి ట్యాంకు కూడా కావాలా? పైన చెప్పిన టైరులో రెండు వందల లీటర్లకు పైగా చోటు వుంటుంది. ఏడు పౌండ్లు పెంచటానికి సుమారు నూరు లీటర్ల బయటి గాలి లోపలికి పోవాలి. 20 లీటర్ల ట్యాంకులో 100 పౌండ్ల గాలి నింపి 20 పౌండ్ల దాకా వాడితే వచ్చేది కూడా అంతే. అంటే ఒక్క టైరుకు సరి! నిమిషానికి 40 లీటర్లు నిజంగా ఇచ్చే యంత్రం మూడు నిమిషాలలో అదే పని చేస్తుంది. కాబట్టి ట్యాంకు లేకపోయినా లోటు లేదు. పెట్టుకొంటే మాత్రం సేఫ్టీ వాల్వు వున్నదే పెట్టుకోవాలి, అడుగున నీరు వదిలే కుళాయి చేతికి అందేటట్టు వుండాలి. నొక్కిన గాలి చల్లారినప్పుడు అందులోని చెమ్మ నీరై అడుగుకు దిగి ట్యాంకును లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. పని అయిన ప్రతిరోజూ వదలాలి. కంప్రెసరు నుంచి బయలుదేరే మొదటి మూరెడు గొట్టం లోహానిదై వుండాలి. అక్కడి వేడికి మామూలు రబ్బరు మెత్తబడి పగులుతుంది.

దమ్ము చేయటానికి బరువు కోసం టైర్లలో నీరు నింపినవారు మరొకటి గమనించాలి. నీరు మూడు వంతులు ఆక్రమిస్తే గాలికి మిగిలేది ఒక వంతే. కొద్ది గాలి తీసినా ముల్లు గబుక్కున పడిపోతుంది, కొద్దిగా కొట్టినా గబుక్కున లేస్తుంది. చక్రం తిప్పి వాల్వు పైకి వచ్చేటట్టు ఆపి, అప్పుడు గాలి చూసుకోండి. వాల్వు కిందవుంటే గేజిలోకీ, గొట్టంలోకీ నీరు ఎక్కుతుంది.