మిగ్ మెషిన్‌లో వైర్ ఆగి ఆగి వస్తోందా? స్ప్రింగ్ బిగించే ముందు ఇది చూడండి

ఈసారి వీడియో జీవామృతం మీద కాదు, వెల్డింగ్ మెషిన్ మీద. కలుపు మందు కొట్టని మనకు వరిలో కోనోవీడరే దిక్కు కదా. నాటిన 10–12 రోజులకు మొదటిసారి తిప్పాలి. సరిగ్గా ఆ టైములోనే రిపేరుకొచ్చిన నాలుగు వీడర్లు షెడ్డులో పెట్టుకుని కూర్చున్నా, మిగ్ మెషిన్ మొరాయించింది. ట్రిగ్గర్ నొక్కితే వైర్ కొంచెం వస్తుంది, ఆగుతుంది, మళ్లీ ఒక్కసారిగా దూకుతుంది. ఆగినప్పుడల్లా కాలి వెనక్కొచ్చి టిప్‌కి అతుక్కుపోతుంది.

మా బాబాయ్ చూసి "స్ప్రింగ్ లూజయిందిరా, బిగించు" అన్నాడు. బిగించాను. రోలర్‌కీ లైనర్ మూతికీ మధ్య వైరంతా పిచ్చుక గూడులా చుట్టుకుపోయింది! ఫోన్లో ఇంకొకతను మోటారు పోయింది, మార్చాలన్నాడు. నిజానికి మోటారు బాగానే తిరుగుతోంది. డ్రిప్ పైపు మూసుకుపోతే మోటారు ప్రెజర్ పెంచుతామా? ఇదీ అంతే. ముందు దారి చూడాలి.

అందుకే చివరి నుంచి వెనక్కి వెళ్లాను. మొదట టిప్ విప్పేసి, టార్చ్‌ని మనిషికీ ఇనుముకీ దూరంగా పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. (ట్రిగ్గర్ నొక్కితే వైర్‌లో కరెంటు ఉంటుంది, ముట్టుకోవద్దు.) వైర్ సాఫీగా వస్తే తప్పు టిప్‌దే, కొత్తది వేసుకోండి. నాకు అప్పుడూ తడబడింది. ఇక ప్లగ్ పీకేసి, రోలర్ ఒత్తిడి వదిలి, టార్చ్ కేబుల్ నిటారుగా పరిచి, వైర్‌ని చేత్తో లాగాను. బరువుగా, గరగరమంటూ వచ్చింది. స్పూల్ దగ్గర లాగితే తేలిగ్గా తిరిగింది. అంటే మధ్యలో లైనర్ పట్టేసిందన్నమాట.

లైనర్ తీసి కంప్రెసర్ గాలి కొడితే రాగి పొడి, తుప్పు రాలాయి. (కళ్లద్దాలు పెట్టుకునే కొట్టండి.) తుప్పు ఎక్కడిదంటే, తప్పు నాదే. మెషిన్‌ని పశువుల పాక పక్కన, జీవామృతం డ్రమ్ముల దగ్గర పెట్టాను. ఆ చెమ్మకి స్పూల్ పై చుట్లు ఎర్రబడ్డాయి. ఆ చుట్లు కోసి పారేశాను. లైనర్ నొక్కుకుపోయి ఉంటే మాత్రం శుభ్రం చేసి లాభం లేదు, మార్చాల్సిందే.

రోలర్ కూడా ఒకసారి చూడండి. 0.8 వైర్‌కి 0.8 గాడే ఉండాలి, 1.0 గాడిలో జారిపోతుంది. స్ప్రింగ్‌ని పూర్తిగా వదిలి, వైర్‌ని చెక్క ముక్కకి ఏటవాలుగా తగిలిస్తూ కొంచెం కొంచెం బిగించండి. రోలర్ జారకుండా వైర్ వంపు తిరిగిందా, అక్కడ ఆపేయండి. స్పూల్ బ్రేక్ కూడా అంతే, ట్రిగ్గర్ వదిలాక స్పూల్ ఊరికే తిరగకుండా ఉంటే చాలు.

మోటారు అసలు తిరగకపోతే అది వేరే కథ. ట్రిగ్గర్ స్విచ్ వైర్లు తెగాయేమో మల్టీమీటర్‌తో చూడండి. మెషిన్ లోపలి బోర్డు జోలికి వెళ్లొద్దు, ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

లైనర్ ఊదడం, చెక్క మీద బిగింపు చూడడం పై వీడియోలో ఉన్నాయి. వీడర్లు నాలుగూ సాయంత్రానికి వెళ్లిపోయాయి. స్పూల్ ఇప్పుడు పనయ్యాక మూత డబ్బాలో, విత్తనాల గదిలో ఉంటోంది.