సూర్యగృహము నుండి సముద్రతీరమునకు

పసిఫిక్ మహాసముద్రము నడుమ హవాయి దీవులు కలవు. ఇవి సముద్రగర్భము నుండి పైకి లేచిన అగ్నిపర్వతముల శిఖరములే. నేడివి అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక రాష్ట్రము. వీనిలో రెండవ పెద్ద దీవి మౌయి. ఆ దీవిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఒకే పర్వతము ఆక్రమించుకొనియున్నది. దాని పేరు హలేయకలా. ఎత్తు 3,055 మీటర్లు. హవాయి భాషలో హలేయకలా యనగా సూర్యుని గృహమని అర్థము. ఈ కొండవాలున సైకిలుపై దిగుచు ప్రకృతి వింతలను చూచుటకు దూరదేశముల నుండి యాత్రికులు వచ్చుచుందురు.

ఈ పేరునకు మూలమైన కథ యొకటి కలదు. పూర్వము సూర్యుడు ఆకాశమున మిక్కిలి వేగముగా పరుగెత్తుచుండెనట. పగలు పొట్టిదగుటచే, హీనా అను తల్లి చెట్టు బెరడుతో చేసిన వస్త్రములు ఆరెడివి కావు. ఆమె కుమారుడైన మౌయి అను వీరుడు ఈ శిఖరమున పొంచియుండి, సూర్యుని కిరణములను త్రాళ్లతో బంధించి, ఇకపై మెల్లగా నడచునట్లు మాట పుచ్చుకొని విడిచిపెట్టెనట. సూర్యునంతటివానికి నెమ్మది నేర్పిన కొండ యిది!

శిఖరమున వేకువజామున చలి మిక్కుటము. ఎత్తు పెరిగిన కొలది గాలి చల్లబడుటయే దీనికి కారణము. క్రింద తీరమున జనులు సముద్రస్నానము చేయుచుండగా, పైన కొన్ని దినములలో నీరు గడ్డకట్టును. మేఘములు సాధారణముగా శిఖరమునకు చాల దిగువనే నిలిచిపోవును. అందుచే పాలసముద్రము వంటి మబ్బుల నడుమ నుండి సూర్యుడు పైకి వచ్చుట అచ్చట కానవచ్చును. జనసమ్మర్దము మితిమీరుటచే, సూర్యోదయమును చూడగోరువారు ముందుగా అనుమతి పొందవలెనను నియమము 2017లో ఏర్పడినది.

వెలుగు వచ్చిన పిమ్మట ప్రక్కనే గొప్ప లోయ కనబడును. దాని పొడవు సుమారు 11 కిలోమీటర్లు. వెడల్పు 3 కిలోమీటర్లకు పైగా. లోతు సుమారు 800 మీటర్లు. చూచినవారు దానిని అగ్నిపర్వతపు నోరని తలంతురు. నిజమునకు అది వాననీరు దీర్ఘకాలము కొండను కోసివేయగా ఏర్పడిన పల్లము. రెండు లోయలు పైభాగమున కలిసి ఒకటియైనవి. తరువాత మరల లావా పొంగి అడుగును నింపినది. ఎఱుపు, నలుపు, గోధుమ వన్నెల గుట్టలు లేచినవి. రాతిలోని ఇనుము గాలి సోకి తుప్పుపట్టుట వలన ఎఱుపు వన్నె వచ్చినది. లావా చల్లారగా ఏర్పడిన ఇట్టి నల్లరాయి మన రాజమహేంద్రవరము సమీపమునను, ఆదిలాబాదు ప్రాంతమునను కూడ కలదు. ఈ పర్వతము కడపటిసారి 1480కిని 1600కును నడుమ రగిలినదని శాస్త్రజ్ఞుల అంచనా. అది నిద్రించుచున్నదే కాని చల్లారిపోయినది కాదు.

ఆ బీడు నేలపై అహినహినా అను మొక్క పెరుగును. దాని ఆకులపై వెండివంటి నూగు కలదు. తీవ్రమైన ఎండ నుండియు, పొడిగాలి నుండియు ఆ నూగే మొక్కను కాపాడును. అది అనేక సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు ఎనుబది తొంబది యేండ్లు జీవించి, ఒకే ఒక్కసారి నిలువెత్తు కాడపై వందలకొలది పూవులు పూచి, విత్తనములు రాల్చి మరణించును. పూర్వము మేకలు మేయుట చేతను, యాత్రికులు గుర్తుగా పెఱికికొనిపోవుట చేతను ఈ జాతి నశింపనుండెను. త్రోవ విడిచి నడచిన ఒక్క అడుగైనను దాని సున్నితమైన వేళ్లను నలిపివేయగలదు.

అచ్చటి మఱియొక ప్రాణి బాతువంటి ఒక పక్షి. అది కూయు కూతను బట్టియే దానికి ‘నేనే’ అని పేరు వచ్చినది. తెలుగువారికి ఆ పిలుపు నవ్వు పుట్టించును. కాని ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున ‘నేనే’ అని పలుకుటకు అడవులలో సుమారు 30 పక్షులే మిగిలియుండెను. పంజరములలో పెంచిన పక్షులను 1962 నుండి ఈ కొండపై మరల విడిచిరి. నేడును అవి మార్గమునకు అడ్డముగా నడచి బండ్ల క్రింద పడుచుండుట కలదు.

కొండపైకి మోటారు మార్గము 1935లో పూర్తియైనది. పూర్వము యాత్రికులు శిఖరము నుండియే సైకిళ్లపై దిగుచుండిరి. ప్రమాదములలో ప్రాణనష్టము కలుగగా, కిరాయి సంస్థల సైకిలు యాత్రలను 2007లో ఉద్యానవనాధికారులు తమ హద్దులలో నిలిపివేసిరి. అప్పటి నుండి యాత్రికులను శిఖరము నుండి బండ్లలో దింపి, సుమారు 2,000 మీటర్ల ఎత్తున సైకిళ్ల నెక్కింతురు.

ఈ భయము ఊరక కలిగినది కాదు. మనిషి, సైకిలు కలిసి 90 కిలోగ్రాములని తలతము. అంత బరువు 2,000 మీటర్లు దిగునప్పుడు వెలువడు శక్తి అయిదు లీటర్ల చన్నీటిని మరిగించుటకు చాలును. అందు కొంత గాలి హరించును. మిగిలినదానిని బ్రేకులే వేడిగా మార్చవలెను. ఎడతెగక పట్టినచో బ్రేకు కాగి పట్టు సడలును. కనుక నేర్పరులు పట్టి విడుచుచు, మలుపునకు ముందే వేగము తగ్గింతురు. అచ్చట బండ్లు కుడివైపున నడచును. మన దేశీయులు ఈ సంగతి మరువరాదు.

దిగువకు పోయిన కొలది చలి తగ్గును. యూకలిప్టసు చెట్ల పరిమళము ఎదురగును. కూలా ప్రాంతమున ఉల్లితోటలు, పూలతోటలు కనబడును. మకావావ్ పశువుల కాపరులకు పేరుపొందిన ఊరు. పాయియా ఒకప్పుడు చెఱకు మిల్లు గల గ్రామము. ఆ మిల్లు 2000లో మూతపడినది. దీవిలో చెఱకు సేద్యము 2016తో ముగిసినది. ఆ ఊరు దాటగనే నీలసముద్రము.

ఒక్క ఉదయములోనే మంచు, మబ్బు, అడవి, పొలము, కెరటము చూడగల చోటులు లోకమున అరుదు. అయినను వేగముగా పోవువాని కన్ను మార్గము మీదనే నిలువవలెను. వింతలను చూడగోరినవాడు సైకిలును ప్రక్కకు తీసి నిలుపవలెను. అట్లు నిలిచినవానికే నేనే పక్షి వినబడును, దానికిని త్రోవ దాటుటకు వ్యవధి దొరకును.