కాలి మీద ఉబ్బే సిరలు: తెలుసుకోవలసిన విషయాలు

“సిస్టర్, కాలి నరాలు ఉబ్బాయి, బలానికి ఇంజెక్షన్ వేస్తారా?” అని మా ఓపీలో తరచుగా అడుగుతుంటారు. మన వాడుకలో నరం అనే మాట రెండింటికీ వాడుతాం. నొప్పిని, స్పర్శను మెదడుకు తెలియజేసేవి నరాలు. రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేవి సిరలు. కాలి మీద నీలంగా మెలికలు తిరిగి కనిపించేవి సిరలే. వీటికి నరాల బలం మాత్రలు పనిచేయవు. ఇలా ఉబ్బేవాటిలో ముఖ్యమైనది గ్రేట్ సఫీనస్ అనే సిర. సులువుగా ఉండటానికి దీన్ని ‘పొడవు సిర’ అనుకుందాం.

ఇది ఎక్కడ ఉంటుంది?

మన శరీరంలోని సిరలన్నిటిలో పొడవైనది ఇదే. పాదం పైభాగంలో బొటనవేలి వైపు మొదలై, లోపలి చీలమండ ఎముకకు ముందుగా పైకి వస్తుంది. పిక్క లోపలి వైపు, మోకాలి లోపలి వైపు కాస్త వెనుకగా, తొడ లోపలి వైపు సాగి గజ్జల దగ్గర లోతుగా ఉన్న పెద్ద సిరలో కలుస్తుంది. దారి పొడవునా చర్మానికి, కండరాలకు మధ్యనే ఉంటుంది. అందుకే ఉబ్బినప్పుడు పైకి కనబడుతుంది.

రక్తం పైకి ఎలా ఎక్కుతుంది?

మోటారు పైపు అడుగున ఫుట్‌వాల్వ్ ఉంటుందని రైతులందరికీ తెలుసు. అది చెడిపోతే మోటారు ఆపగానే పైపులోని నీరు కిందికి జారిపోతుంది. పొడవు సిరలో ఇలాంటి కవాటాలు సుమారు 10 నుండి 20 వరకు ఉంటాయి. ఇవి పైకే తెరుచుకుంటాయి. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి, లోతు సిరలను పిండి రక్తాన్ని పైకి నెడుతుంది. కండరం వదులైనప్పుడు పై సిరల రక్తం లోతు సిరలలోకి చేరుతుంది.

కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం వెనక్కి జారి కింద నిలిచిపోతుంది. ఆ ఒత్తిడికి సిర సాగి, వంకరలు తిరుగుతుంది. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. గర్భిణులకు, స్థూలకాయులకు, గంటల తరబడి నిలబడి పనిచేసే టీచర్లకు, కండక్టర్లకు, వంటవారికి, ఇస్త్రీ పనివారికి ఈ బాధ ఎక్కువ.

మానని పుండు

మొదట సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి, చీలమండలు వాస్తాయి. తరువాత దురద, చర్మం నల్లబడి గట్టిపడటం కనిపిస్తాయి. చివరకు లోపలి చీలమండకు కాస్త పైన పుండు పడుతుంది. గజ్జి అనుకుని ఆయింట్‌మెంట్లు మారుస్తూ, పసర్లు పూస్తూ ఏళ్లు గడిపేవారున్నారు. పైపూత ఎంత మంచిదైనా లోపల నిలిచిన రక్తపు ఒత్తిడి తగ్గకపోతే పుండు మానదు.

ఈ పుండుకు అసలు మందు బిగుతైన కట్టు. ఉదయం మంచం దిగకముందే, కాలి వేళ్ల మొదలు నుండి మడమను కూడా కలుపుకుని మోకాలి కింది వరకు కట్టాలి. చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ ఉండాలి. పిక్క మధ్యలో మాత్రం బిగించి కడితే మేలు కంటే కీడే ఎక్కువ. అయితే షుగరు ఉన్నవారికి, బీడీ సిగరెట్లు తాగేవారికి కాలికి వచ్చే రక్తమే తక్కువగా ఉండవచ్చు. పాదంలో నాడి, రక్తప్రసరణ పరీక్షించకుండా వారికి కట్టు కట్టకూడదు.

బ్రిటన్‌లో 450 మంది రోగులతో జరిపిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. కట్టుతో పాటు చెడిన సిరకు కూడా త్వరగా చికిత్స చేస్తే పుండ్లు త్వరగా మానినట్లు అందులో తేలింది.

రక్తం చిమ్మితే

ఉబ్బిన సిర మీద చర్మం పలుచబడి, చిన్న దెబ్బకో గోటి గీరుకో పగలవచ్చు. నొప్పి అంతగా ఉండదు, రక్తం మాత్రం ధారగా పోతుంది. సిరల్లోది “చెడు రక్తం” అని చిన్నప్పుడు చదువుకున్నాం కనుక పోతే పోనీ అనుకోకండి. అందులో ప్రాణవాయువు తక్కువ, అంతే. ఆపకపోతే ప్రాణమే పోవచ్చు. ఆపడం మాత్రం చాలా సులువు.

1. వెంటనే పడుకోబెట్టండి. కుర్చీలో కూర్చోబెట్టి కాలు వేలాడదీయవద్దు.
2. కాలిని గుండె కంటే ఎత్తుగా పెట్టండి.
3. శుభ్రమైన గుడ్డ మడిచి, కారే చోటనే గట్టిగా నొక్కి పట్టండి. 15 నిమిషాల వరకు మధ్యలో తీసి చూడవద్దు.
4. పై భాగంలో తాడు బిగించవద్దు. రక్తం పైకి పోయే దారి మూసుకుని ఇంకా ఎక్కువ కారుతుంది.
5. పసుపు, కాఫీ పొడి అద్దవద్దు. ఆగిన తరువాత కట్టు కట్టి, పడుకోబెట్టే ఆసుపత్రికి తీసుకురండి.

తీసేస్తే నష్టం లేదా?

కాలి రక్తంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు లోతు సిరల గుండానే పోతుంది. అవి బాగుంటే పొడవు సిర లేకపోయినా ఇబ్బంది ఉండదు. అందుకే ముందు డాప్లర్ స్కాన్ చేస్తారు. ఒకప్పుడు కోసి లాగివేసేవారు. ఇప్పుడు చాలాచోట్ల లేజర్ లేదా రేడియో తరంగాల వేడితో మూసివేస్తున్నారు. చాలామంది ఆ రోజే నడిచి ఇంటికి వెళతారు.

ఈ సిర గుండెకు కూడా ఆసరా. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో అర్జెంటీనా సర్జన్ రెనే ఫవలోరో దీనితో గుండెకు బైపాస్ చేసి, ఆ పద్ధతిని ప్రపంచానికి చూపారు. కవాటాలు అడ్డురాకుండా సిరను తలకిందులు చేసి కుడతారు. సిర పక్కనే ఒక నరం ఉంటుంది కనుక, తీసిన తరువాత కాలి లోపలి వైపు కొంత తిమ్మిరి ఉండవచ్చు, భయపడకండి. బాగున్న సిరను అందం కోసం పాడుచేసుకోకపోవడం మంచిది.

రోజూ పాటించవలసినవి

ఒకేచోట నిలబడవలసి వస్తే మడమలు పైకెత్తి దించుతూ ఉండండి. రోజూ నడవండి. రాత్రి మంచానికి కాళ్లవైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టండి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పి పెడితే, ముఖ్యంగా బాలింతలకు, ఆపరేషన్ అయినవారికి, లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నూనె రాసి మర్దన చేయవద్దు. ఆ రోజే ఆసుపత్రికి రండి.

పడుకుంటే ఈ సిరలు ఖాళీ అయి కనబడవు. సాయంత్రం పూట నిలబెట్టి చూడాలి. మన ఆడవారు చీర కుచ్చెళ్ల చాటున దాచుకుని, పుండు పడేవరకు చెప్పరు. ఈ వారం మీ అమ్మగారిని, అత్తగారిని అడిగి చూడండి.