బందరు రోడ్డు మీద బుల్లి కారు

"మాస్టారూ, ఇది బందరు వెళ్లొస్తుందా?" బెజవాడలో మా పటమట వీధిలో అందరిదీ ఇదే ప్రశ్న. వెళ్లొస్తుంది. కాకపోతే రానూపోనూ 140 కిలోమీటర్లు, చూపంతా చార్జింగ్ గీత మీదే ఉంటుంది. నాకు రోజూ కావలసింది ఉయ్యూరు బడికి రానూపోనూ 60 కిలోమీటర్లే.

నాది ఎంజీ కామెట్ ఎలక్ట్రిక్ కారు. 2023లో వచ్చింది. పొడవు మూడు మీటర్ల లోపే, సీట్లు నాలుగు, బ్యాటరీ 17.3 యూనిట్లు. టాటా టియాగో ఎలక్ట్రిక్‌లో చిన్న బ్యాటరీది 19.2. కారు ధరలో పెద్ద వాటా బ్యాటరీదే కాబట్టి, అది చిన్నదైతే ధరా తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది.

నిండా చార్జ్ చేస్తే కంపెనీ లెక్క 230 కిలోమీటర్లు. బెజవాడ ఎండలో ఏసీ వేస్తే నాకొచ్చేది 160. నిండా చార్జింగ్‌కు నష్టంతో కలిపి 20 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకున్నా కిలోమీటరుకు రూపాయి. పాత పెట్రోల్ కారుకు ఆరు దాటేది.

రాత్రి వరండాలో ప్లగ్ పెడితే తెల్లారేసరికి నిండుతుంది. మొదటిరోజు ప్లగ్ పెట్టినా చార్జింగ్ ఎక్కలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ గుంత చూశాడు: ఎండి బీటలు వారింది. కొత్త ఎర్తింగ్ వేశాకే దారికొచ్చింది.

ఇక వానల సంగతి: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన ఊరు మా బెజవాడ. అందుకే ఏ కారైనా నిలిచిన నీళ్లలోకి దించొద్దు.

కొనేముందు వారం రోజులు మీ తిరుగుడు రాసుకోండి. రోజుకు వంద లోపైతే, ఇంట్లో ప్లగ్ ఉంటే, చిన్న బ్యాటరీ చాలు.