పాత రైఫిల్.. కొత్త తూటా

పుదుచ్చేరి బీచ్ రోడ్డులో గాంధీ విగ్రహానికి దగ్గర్లో ఫ్రెంచివారి యుద్ధ స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున వెళ్లి ప్రాణాలు విడిచిన ఫ్రెంచిండియా సైనికుల కోసం కట్టింది. ఏటా జులై 14న అక్కడ దీపాలు వెలిగించి, నివాళులర్పిస్తారు. 1954 వరకూ మన యానాం కూడా ఆ ఏలుబడిలోనే ఉండేది.

ఆ యుద్ధంలో ఫ్రెంచి పదాతి దళాలు మోసిన ప్రధాన రైఫిళ్లలో లెబెల్ ఒకటి. 1886లో సైన్యంలోకి వచ్చింది. పొగ రాని మందుతో పేలే సైనిక రైఫిళ్లలో ప్రపంచంలోనే ఇది మొదటిది. ఆ మందును 1884లో కనిపెట్టినవాడు పాల్ వియే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. నూట ముప్ఫై ఏళ్లు దాటినా యూరప్, అమెరికాల్లో సేకర్తలు ఈ రైఫిల్‌ను ఇంకా పేలుస్తూనే ఉన్నారు. తూటాలే సులభంగా దొరకవు. అందుకని ఖాళీ ఇత్తడి కేసు తీసుకుని, కొత్త ప్రైమర్ బిగించి, మందు పోసి, గుండు కూర్చి సొంతంగా తయారు చేసుకుంటారు. దీన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు.

వినడానికి ఇది కాలక్షేపంలా ఉంటుంది. కానీ రైఫిల్ గురి ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఇంతకు మించిన బడి లేదు.

లెబెల్‌నే చూద్దాం. దాని గుండు వ్యాసం 8.3 మిల్లీమీటర్లు. బజారులో తేలిగ్గా దొరికే జర్మన్ మౌజర్ గుండు 8.2. తేడా వెంట్రుకవాసి. అయినా ఆ సందులోంచి వాయువు ముందుకు తన్నుకుపోతుంది. బ్యారెల్ లోపలి గాడులు గుండును గట్టిగా పట్టి తిప్పలేవు. గుండు తూలుతూ బయటపడుతుంది, లక్ష్యం మీద రంధ్రాలు చెల్లాచెదురవుతాయి. రైఫిల్ చెడిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే. అనుభవమున్నవాడు ముందు మెత్తని సీసపు ముద్దను బ్యారెల్‌లోంచి నెట్టి, దాని మీద పడిన అచ్చును కొలుస్తాడు. ఆ కొలతకు సరిపడే గుండును పోత పోసుకుంటాడు.

ఇంకో చిక్కు ప్రాణం మీదికి తెచ్చేది. లెబెల్‌లో తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. వెనక తూటా మొన ముందున్న తూటా ప్రైమర్‌కు ఆనుతుంది. 1898లో ఫ్రాన్స్ మొన తేలిన ఇత్తడి గుండును తెచ్చింది. కుదుపుకు మొన గుచ్చుకుని గొట్టంలోనే పేలితే? అందుకే కేసు అడుగున ప్రైమర్ చుట్టూ గాడి తీసి, వెనక తూటా మొన అందులో కూర్చునేలా చేశారు. ప్రైమర్ మీద అదనంగా ఓ మూతా పెట్టారు. ఇప్పుడు సేకర్తలు అమెరికా వారి .348 వించెస్టర్ కేసులను సాగదీసి, కోసి లెబెల్‌కు సరిచేస్తారు. వాటి అడుగున ఆ గాడి ఉండదు. కాబట్టి మొన మొద్దుగా ఉన్న గుండు వాడాలి. లేదంటే తూటాలను గొట్టంలో పేర్చకుండా ఒక్కొక్కటే ఛాంబర్‌లో పెట్టి కాల్చాలి.

మన పోలీసులకు బాగా తెలిసిన .303 ఎన్‌ఫీల్డ్‌ది మరో కథ. కందకాల బురదలోనూ తూటా ఇరుక్కోకుండా ఉండాలని దాని ఛాంబర్‌ను కాస్త వదులుగా చేశారు. బోల్టు తాళం వెనక వైపున పడుతుంది. పేలిన ప్రతిసారీ కేసు అడుగు భాగం సాగుతుంది. అదే కేసును మొత్తంగా నొక్కి పాత కొలతకు తెచ్చి మళ్లీ మళ్లీ వాడితే, కొన్నాళ్లకు అడుగు ఊడి వస్తుంది. అందుకే నేర్పరులు మెడ మాత్రమే నొక్కి, మిగతాది ఆ రైఫిల్ ఛాంబర్ రూపంలోనే ఉంచుతారు. ఆ కేసు ఇక ఆ రైఫిల్‌దే. పక్క రైఫిల్‌లో పట్టకపోవచ్చు కూడా.

సైన్యానికి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఏ తూటా అయినా లక్షల రైఫిళ్లలో దేనిలోనైనా పట్టాలి, పేలాలి. గురి కొంత తగ్గినా ఫరవాలేదు. స్నైపర్ విషయంలోనే ఈ లెక్క మారుతుంది. అతను ఒకే లాట్ తూటాలు పెట్టుకుని, తన రైఫిల్‌లో అవి ఏ దూరానికి ఎక్కడ తగులుతున్నాయో రాసుకుంటాడు.

మన దేశంలో ఈ ప్రయోగాలకు చోటు దాదాపు లేదు. .303, 7.62 సర్వీసు తూటాలు పట్టే రైఫిళ్లను ఆయుధ నిబంధనలు సామాన్యుడికి అందకుండా ఉంచాయి. లైసెన్సుదారుల కోసం ఇషాపూర్ ఫ్యాక్టరీ వేరే కొలతతో .315 రైఫిల్ చేయాల్సి వచ్చింది. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేస్తే, 2019 సవరణ ప్రకారం కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. చట్టం అలా ఉండటం సబబే. కానీ దానివల్ల తూటా గురించిన ఆరా అంతా ప్రభుత్వ గిడ్డంగులకే మిగిలిపోయింది. అక్కడ ఆ ఆరా ఎంత జరుగుతోందన్నదే ప్రశ్న.

ఒకప్పుడు ఈ పాఠం ప్రపంచానికి నేర్పింది మన వానాకాలమే. బ్రిటిష్ వారి హయాంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల ఇత్తడి కేసులు వానలు వెలిసేసరికి పగిలి కనిపించేవి. చాలాకాలం కారణం తెలియలేదు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, తయారీ సమయంలో ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడి.. ఈ మూడూ కలిసి పగులు తెస్తున్నాయని 1921లో తేల్చారు. విరుగుడు సులువే. తయారయ్యాక ఇత్తడిని కొంచెం వేడి చేస్తే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. ఇవాళ హ్యాండ్‌లోడర్లు కూడా, కేసు మెడ బిరుసెక్కి పగలకుండా మంట మీద తిప్పి మెత్తబరుస్తారు.

మందుకూ వయసుంటుంది. నైట్రోసెల్యులోజ్ వేడికి, తేమకు నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది. దాన్ని అడ్డుకునేందుకు కలిపే స్థిరీకరణ రసాయనం కూడా ఏళ్లు గడిచేకొద్దీ ఖర్చయిపోతుంది. ప్రైమర్‌కు తేమ తగిలితే గుర్రం దెబ్బ పడినా నిప్పు రాదు. పుదుచ్చేరి, యానాం, కాకినాడ, విశాఖ వంటి తీరప్రాంతాల ఆయుధాగారాలకు ఉప్పుగాలి అదనం.

2008 నవంబరు 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకే-47లకు ఎదురునిలిచిన పోలీసుల్లో కొందరి చేతుల్లో ఉన్నవి .303లే. 2019 ఆగస్టులో బిహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రా అంత్యక్రియల్లో గౌరవ వందనానికి ఎత్తిన 22 రైఫిళ్లలో ఒక్కటీ పేలలేదు. అవి ఉత్తుత్తి తూటాలే. అవే పేలనప్పుడు అసలువాటి మీద అనుమానం రాకుండా ఉంటుందా? ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో .303కు వీడ్కోలు పలికారు. దాని స్థానంలో ఇన్సాస్, ఎస్‌ఎల్‌ఆర్‌లు వచ్చాయి.

రైఫిల్ మారితే ఫొటోలు పడతాయి. తూటాల పెట్టె మారితే ఎవరికీ తెలియదు. నిజానికి ఆరా తీయడం కష్టమేమీ కాదు. సైనిక తూటా కేసు అడుగున తయారైన ఫ్యాక్టరీ గుర్తు, సంవత్సరం చెక్కి ఉంటాయి. కేఎఫ్ అని ఉంటే పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీది. ఏటా ప్రతి లాట్ నుంచి కొన్ని తీసి కాల్చి, ఎన్ని పేలాయో, ఎంత వేగంతో వెళ్లాయో రాసిపెడితే చాలు. బీచ్ రోడ్డు స్మారకం గుర్తుచేసే సైనికులు ఆ పని తాము చేసుకోలేదు. వారికి తూటా ఇచ్చినవారు చేశారు.