జెండా ఎవరిది? చేప ఎవరిది?

ఒక చేపల ఓడ వెనుకభాగమున ఇంగ్లండు రేవు పేరు వ్రాసియున్నది. దానిపై ఎగురునది బ్రిటిషు జెండా. లైసెన్సు ఇచ్చినది బ్రిటిషు ప్రభుత్వము. కాని నావికులలో పలువురు మాటలాడుకొనునది స్పానిషు. పట్టిన చేప చేరునది స్పెయిను రేవులకు. లాభము పోవునదియు అచటికే. ఈ ఓడ ఏ దేశమునకు చెందినదని చెప్పవలెను? 1980 తరువాతి దశాబ్దమున బ్రిటనులో ఇట్టి ఓడలు తొంబదికి పైగా నుండెను. వానిని గూర్చిన తగవు ఇంచుమించు పండ్రెండేండ్లు న్యాయస్థానములలో నలిగినది.

ఈ తగవునకు మూలము చేపల జీవశాస్త్రములో నున్నది గనుక ముందు దానిని కొంచెము చూతము. పొలమునకు గట్టుండును, యజమాని యుండును. సముద్రములోని చేప వలలో పడునంతవరకు ఎవ్వరిదియు కాదు. ఒక జాతి చేపలు ఏటేట గ్రుడ్లు పెట్టును. పిల్లలు పెరిగి మంద బరువును హెచ్చించును. సహజమరణములవలన ఆ బరువు కొంత తగ్గును. మిగిలిన హెచ్చుదలను మాత్రమే మనము పట్టుకొన్నచో మంద చిరకాలము నిలుచును. అసలు ముట్టక వడ్డీ తినుట వంటిదన్నమాట. అయితే ఓడలు ఎక్కువైనప్పుడు, తాను నేడు విడిచిన చేపను రేపు ప్రక్కవాడు పట్టునని ప్రతివాడును తలంచును. అందువలన గ్రుడ్లు పెట్టు వయస్సు రాకముందే చేపలు వలలో పడును. అటుపిమ్మట వల ఎంత పెద్దదైనను దొరకునది తక్కువే.

కాబట్టి ఏ జాతిని ఏడాదికి ఎన్ని టన్నులు పట్టవచ్చునో నిర్ణయించి, ఆ మొత్తమును పంచి, ఓడల సంఖ్యకు కూడ మితి పెట్టుదురు. ఇచటనే కథ మలుపు తిరుగును. అందరికిని దొరకు లైసెన్సు వట్టి కాగితము. లెక్క పెట్టి ఇచ్చు లైసెన్సు ఆస్తి. ఆస్తియైనదానికి ధర వచ్చును, కొనువాడును వచ్చును. కొనువాడు ఏ దేశపువాడన్న ప్రశ్నయు వెంటనే వచ్చును.

యూరపులో జరిగినది ఇదియే. యూరోపియను సమాజ దేశములు 1983లో ఉమ్మడి మత్స్యవిధానమును ఏర్పరచుకొన్నవి. 1973 మొదలు 1978 వరకు ఏ దేశమువారు ఎంత పట్టిరో ముఖ్యముగా దానిని బట్టి వాటాలు నిర్ణయమైనవి. స్పెయిను ఆ సమాజములో చేరినది 1986లో. దానికి చేపల ఓడలు మెండు. దక్కిన వాటా స్వల్పము. ఆ దేశీయులకు హేక్ అను చేపపై మక్కువ యెక్కువ. బ్రిటిషువారు తమ పళ్లెములలో కాడ్, హాడక్ చేపలనే కోరుదురు గాని హేక్ వంక అంతగా చూడరు. అందువలన స్పానిషు వర్తకులు బ్రిటనులో కంపెనీలు రిజిస్టరు చేసి, ముసలి బ్రిటిషు పడవలను వాని లైసెన్సుల కొరకే కొనిరి. కొన్ని స్పానిషు ఓడలను బ్రిటిషు రిజిస్టరులో చేర్పించిరి. అవి పట్టిన చేప స్పెయినునకు పోయినను లెక్కలో బ్రిటను వాటానుండియే తరుగును. దీనినే “కోటా దూకుడు” అని ఎత్తిపొడిచిరి. పడవలను అమ్మినవారు బ్రిటిషువారే యను సంగతి ఆ గగ్గోలులో పలువురు మరచిరి!

1988లో బ్రిటిషు పార్లమెంటు కొత్త నౌకావాణిజ్య చట్టము చేసినది. దాని ప్రకారము చేపల ఓడ గల కంపెనీలో నూటికి 75 వంతుల వాటాలును, డైరెక్టర్లలో అదే నిష్పత్తియు, ఆ దేశములో నివసించు బ్రిటిషు పౌరులవి కావలెను. స్పానిషు యజమానుల కంపెనీలు, వానిలో ఫాక్టర్టేమ్ అనునది మొదటి పేరుగా, దావా వేసినవి. 1990లో లార్డ్స్ సభ న్యాయమూర్తులు ఆ చట్టము నమలును తాత్కాలికముగా నిలిపివేసిరి. పార్లమెంటు చేసిన చట్టమును బ్రిటిషు న్యాయస్థానము అట్లు ఆపుట అంతకుమున్ను ఎరుగని విషయము. 1991లో యూరోపియను న్యాయస్థానము తీర్పు చెప్పుచు, పౌరసత్వము, నివాసము అను నిబంధనలు చెల్లవన్నది. కాని ఓడ వ్యవహారములు దేశములోపలి నుండియే నడువవలెనను నిబంధన చెల్లునన్నది. తుదకు 2000లో బ్రిటిషు ప్రభుత్వము ఆ యజమానులకు సుమారు ఐదున్నర కోట్ల పౌనులు పరిహారముగా చెల్లించుటకు ఒప్పుకొనవలసివచ్చినది.

ఆ తీర్పులో మూడు విషయములు వేరువేరుగా తేలినవి: జెండా, వాటాలు, నడపుట. ఒకటి ఉన్నంతమాత్రమున తక్కిన రెండును ఉన్నట్లు కాదు. నాలుగవది యొకటి కూడ కలదు: తీరమునకు చేరు ఫలము. యజమాని ఎవరైనను, పట్టిన చేపలో సగమును బ్రిటిషు రేవులలో దింపుట, లేదా నావికులలో సగముమందిని అచటి తీరవాసులనుండి తీసికొనుట వంటి షరతులలో ఏదో ఒకటి నెరవేర్చవలెనని 1999 నుండి లైసెన్సులలో వ్రాయసాగిరి. నా అభిప్రాయములో వాటాదారుల ఇంటి చిరునామాలు వెదకుటకంటె ఇదియే మేలైన పద్ధతి. మంచుగడ్డల కర్మాగారము, వలల మరమ్మతు, వేలముపాట, ఇవన్నియు చేప దిగినచోటనే బ్రతుకును. బ్రిటను 2020లో యూరోపియను సమాఖ్యను వదలినను, విదేశీ కంపెనీల చేతిలోని బ్రిటిషు రిజిస్టరు ఓడలు బ్రిటిషు ఓడలుగనే నిలిచినవి.

మన దేశములో ఈ ప్రశ్న వేరొక రూపమున వచ్చినది. 1976 నాటి చట్టమువలన తీరమునుండి 200 నాటికల్ మైళ్లవరకు సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రము మన ప్రత్యేక ఆర్థికమండలమైనది. అందులో విదేశీ ఓడలు లైసెన్సు లేక చేపలు పట్టరాదని 1981లో చట్టమైనది. ఒక కంపెనీ ఓడ భారతీయ ఓడయనిపించుకొనుటకు దాని వాటా మూలధనములో నూటికి 60కి తక్కువ కాకుండ భారతపౌరులదై యుండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. ఓడను ఎచట కట్టిరన్నది అంత ముఖ్యము కాదు. ఆ దశాబ్దమున విశాఖపట్టణము నుండి రొయ్యలకై బంగాళాఖాతము ఉత్తరభాగమునకు పోయిన ట్రాలర్లలో విదేశములలో కట్టినవి ఎన్నియో కలవు.

చిక్కు వచ్చినది అద్దెల వలన. భారతీయ కంపెనీ పేరున అనుమతి పొంది, తైవాను, థాయిలాండుల ఓడలను అద్దెకు తెచ్చి నడపిరి. మన పల్లెలలో బినామీ యన్న మాట తెలియని రైతు లేడు. ఇది సముద్రముపై బినామీ. 1991లో ఉమ్మడి కంపెనీలకు, ఓడల అద్దెకు మరింత వీలు కల్పించు విధానము రాగా, దేశమంతటి మత్స్యకారులు 1994లో పని మాని నిరసన తెలిపిరి. తెప్పలు, నాటుపడవలు పోవు లోతులకే పెద్ద ఓడలును వచ్చి వలలు తెంపుచున్నవని వారి మొర. 1995లో నియమించిన మురారి సంఘము మరుసటి సంవత్సరము నివేదిక నిచ్చి, అట్టి అనుమతులను రద్దు చేయవలెనని సిఫారసు చేసినది. అయినను విదేశములనుండి తెచ్చిన ఓడలకు ‘అనుమతి లేఖలు’ ఇచ్చు పద్ధతి తరువాత మరల మొలకెత్తినది; 2017లో గాని కేంద్రప్రభుత్వము దానిని ఎత్తివేయలేదు.